తోడల్లుడికి ఇంగ్లీషు మాట

‘కో’ అనే అక్షరాన్నీ, దాని పక్కనున్న అడ్డగీతనీ ఎవరు తీసేశారో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా మూడో మెమో నా పేరు మీదే వచ్చింది.

మా ఆఫీసు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో ఉంది. ఇంగ్లండులోనూ ఇంకా ఇతర దేశాల్లోనూ తమ పూర్వీకులెవరో తెలుసుకోవాలనుకునే వాళ్ళకి పాత పత్రాలు చదివి వంశవృక్షం తయారుచేసి పంపడం మా పని. అంతకుముందు నేను పద్దెనిమిదేళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పాను. ఎందుకు మానేశానంటే, ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో ప్రిన్సిపాల్, “మేడమ్‌ సబ్జెక్టుకి వంక పెట్టలేం, ఇంగ్లీషే కొంచెం పల్లెటూరు” అన్నాడు. గదిలో పదకొండు మంది ఉన్నారు. నవ్వినవాళ్ళు తొమ్మిది మంది. నవ్వని ఇద్దరెవరో కూడా ఈరోజు అడిగినా చెప్పగలను. ఆ సంవత్సరం పరీక్షలు అయ్యాక రాజీనామా ఇచ్చాను.

ఇక్కడ చేరాక నాకు మెడీవల్ సెక్షన్, అంటే మధ్యయుగాల కుటుంబాల పని, ఇచ్చారు. ఆ పని ఎవరూ తీసుకోరు. నార్మండీ నుంచి సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో భూములు పట్టుకున్న ప్రభువుల కుటుంబాలు అవి. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవారు, దానపత్రాలు లాటిన్‌లో రాయించేవారు, ఏ తరం చూసినా మగవాళ్ళకి అవే మూడు నాలుగు పేర్లు పెట్టుకునేవారు. తండ్రి పేరు, కొడుకు పేరు, మేనమామ పేరు, పక్క కోటలో శత్రువు పేరు, అన్నీ ఒకటే. అందుకని నా ఎదుటి సీటులో కూర్చునే సహోద్యోగి వాళ్ళకి ముద్రల్ని బట్టి ముద్దుపేర్లు పెట్టేవాడు. ఆయన జాలరిపేట మనిషి. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకెళ్తారు, ఈయన ఒక్కడే చదువుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మైనపు ముద్ర మీద గుర్రం ఉన్నవాడు గుర్రంబాబు. మూడు చేపలున్నవాడు సేపలబాబు.

“సేపలబాబు మనోడే మేడమ్, ఆ మనిషిని జాగర్తగా సూడండి,” అనేవాడు.

గొడవ ఈ ఇద్దరి గురించే.

పని ఇచ్చినావిడ ఇంగ్లండులో రిటైరయిన టీచరు. ఆవిడ వంశం సేపలబాబు దాకా వెళ్తుంది. అక్కడి నుంచి పైకి ఎలా వెళ్తుందో తేల్చాలి. గుర్రంబాబూ, సేపలబాబూ ఒకే గ్రామాన్ని చెరిసగం అనుభవించారు. ఆ ఊరి మఠానికి ఏ దానమిచ్చినా ఇద్దరూ కలిసే ఇచ్చారు. వాళ్ళిద్దరూ అన్నదమ్ములని ఒక పాత వంశావళి పుస్తకంలో అచ్చయి ఉంది. ఆ పుస్తకం చూసి తర్వాత వచ్చిన వాళ్ళంతా అదే రాసుకుంటూ పోయారు.

నాకు మొదటి పత్రం దగ్గరే అనుమానం వచ్చింది. దానికి కారణం నా చదువు కాదు, మా ఇల్లు. తగరపువలస దగ్గర మా తాతగారికి, అంటే అమ్మవాళ్ళ నాన్నకి, కొంత భూమి ఉండేది. ఇద్దరు కూతుళ్ళే. పెద్దల్లుడు మా నాన్న, స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. చిన్నల్లుడు మా చిన్నాన్న, వ్యవసాయం చేసేవాడు. తాతగారు పోయాక భూమి చెరిసగం అయింది. కాగితాల పని ఏదొచ్చినా ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు సంతకం పెట్టేవారు. వాళ్ళని చూసి ఆఫీసుల్లో అందరూ అన్నదమ్ములనుకునేవారు. వాళ్ళు కూడా కాదనేవారు కాదు. నిజానికి ఆ కాగితాల్లో ఎవరి మూలంగా భూమి వచ్చిందో వాళ్ళ పేర్లు ఉండాలి. అమ్మ, పిన్ని వరండాలో సంచులు పట్టుకుని నిలబడేవారు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. అమ్మ పేరేదని నాన్నని అడిగాను. “ఎవడి పేరుంటే ఏటి, అంతా ఒకటే గదా,” అన్నాడు. ఆ మాట మీద నాకు నాన్న పోయాక కూడా కోపం పోలేదు.

అందుకే గుర్రంబాబు, సేపలబాబు చెరిసగం చేసుకున్నారని చదవగానే ఆగాను. ఆ కాలపు ఇంగ్లండులో కొడుకులుంటే పెద్దకొడుక్కే మొత్తం వెళ్తుంది, సగాలు ఉండవు. కొడుకులు లేక కూతుళ్ళే ఉంటేనే భూమి సమానంగా విడిపోతుంది. అంటే వీళ్ళిద్దరూ అన్నదమ్ములు కారు. అక్కచెల్లెళ్ళని చేసుకున్నవాళ్ళు. తోడల్లుళ్ళు.

నాలుగు నెలలు పట్టింది. వాళ్ళ దానపత్రాలన్నీ తీసి చూశాను. మా సాఫ్ట్‌వేర్‌లో బంధుత్వం ఎంచుకోవడానికి ఒక జాబితా ఉంటుంది. తండ్రి, తల్లి, సోదరుడు, సోదరి, భార్య, భర్త. అది కాకపోతే ‘ఇతరం’ అని ఒక గడి, అందులో మనం టైపు చేసుకోవచ్చు. నేను ఇంగ్లీషులో ‘కో-బ్రదర్’ అని టైపు చేశాను. ఇక్కడ పెళ్ళి శుభలేఖ నుంచి ఆఫీసు సెలవు చీటీ దాకా అందరూ రాసేది అదే మాట.

నెల తిరగకుండా ఆవిడ నుంచి ఘాటైన మెయిల్ వచ్చింది. మేము పంపిన చార్టులో గుర్రంబాబూ సేపలబాబూ ఒక తండ్రి కింద సోదరులుగా ఉన్నారు. వాళ్ళ భార్యలిద్దరూ చెరొక అంచున, ‘తండ్రి తెలియదు’ అన్న మాటతో వేలాడుతున్నారు. ఆ పాత పుస్తకంలో ఉన్నదే తిప్పి పంపడానికా ఇన్ని నెలలు పట్టిందని ఆవిడ అడిగింది. శుక్రవారం వీడియో కాల్‌లో మాట్లాడాలని, సరైన జవాబు లేకపోతే పని మొత్తం వెనక్కి తీసుకుంటానని రాసింది.

మా టీమ్ లీడర్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మగవాళ్ళనందరినీ బావా అంటాడు, నన్ను మేడమ్ అంటాడు. ఒకసారి కొత్తగా చేరినవాళ్ళకి పరిచయం చేస్తూ నన్ను ‘టైపింగ్ మేడమ్’ అన్నాడు. అది నేను మర్చిపోలేదు. ఆ రోజు అతని సీటు దగ్గరికి వెళ్ళి స్క్రీన్ చూపించమన్నాను.

“దానికి ఎర్రగీత పడ్డాది మేడమ్. స్పెల్లింగ్ తప్పనుకున్నాను. ‘కో’ తీసీసేను, ఎర్రగీత పోనాది,” అన్నాడు. ‘బ్రదర్’ ఒక్కటే మిగలడంతో సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ అన్నదమ్ములుగా లెక్కేసి, ఆడవాళ్ళ తండ్రిని వీళ్ళకి తండ్రిని చేసేసింది.

“నన్ను అడగాలని తోచలేదా?”

“ఒక్క అచ్చరానికి మిమ్మల్ని లేపడం ఎందుకని. ఏటైపోనాదిప్పుడు?”

“ఇద్దరు ఆడవాళ్ళకి తండ్రి లేకుండా పోయాడు. ఊరు ఎవరిదో వాళ్ళే ఊరి బయట పడ్డారు.”

“ఎనిమిదొందలేళ్ళ కిందట సచ్చిపోనోళ్ళు మేడమ్!”

ఎదుటి సీటాయన కుర్చీ తిప్పాడు. “అదేటి బావా, తోడల్లుడ్ని తీసుకెల్లి తమ్ముడ్ని సేసీసేవా? మా పేటలో అలగ రాసీసేవంటే నిన్ను బోటెక్కించి మజ్జలో ఒగ్గీత్తారు.”

“నువ్వూరుకో బావా. ముందే టెన్షన్‌తో సస్తన్నాను.”

మధ్యాహ్నం మేనేజర్ పిలిచాడు. బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది. ‘బంధుత్వ నమోదులో టైపింగ్ పొరపాటు’ అని ఉంది, కింద నా పేరు, సంతకానికి చోటు.

“చిన్న విషయం మేడమ్. సంతకం పెట్టేయండి. కాల్‌లో క్లయింటుకి చూపించడానికి ఒక కాగితం కావాలి, అంతే,” అన్నాడు మేనేజర్.

“చెరిపింది నేను కాదండీ.”

“ఎంట్రీ మీ లాగిన్‌లో ఉంది కదా.”

నాకు అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. ఒకటి, లిఫ్టు చెడిపోయి పది రోజులైనా బాగు చేయించలేదని హెడ్ ఆఫీసుకి నేరుగా రాసినందుకు. రెండోది, మొదటి మెమో తప్పని మళ్ళీ రాసినందుకు. మూడు మెమోలు ఉన్నవాళ్ళకి కాంట్రాక్టు పొడిగించరు. ఆ నియమం ఎక్కడా గోడకి అంటించలేదు గానీ, అలా వెళ్ళిపోయిన వాళ్ళని నేను చూశాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఈ వయసులో ఇంకో ఆఫీసు నన్ను తీసుకోదు. కాలేజీకి తిరిగి వెళ్ళను.

“శుక్రవారం కాల్‌లో నేను కూడా ఉంటాను. ఆవిడకి నేనే చెప్తాను. ఆ తర్వాత సంతకం సంగతి చూద్దాం,” అన్నాను.

మేనేజర్ ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు.

గురువారం సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు దిగి ఇంటికి వెళ్ళగానే, కాలేజీలో నాకు బహుమతిగా ఇచ్చిన పెద్ద ఇంగ్లీషు నిఘంటువు దింపాను. ‘కో-బ్రదర్’ అన్న పేజీకి గుర్తు పెట్టుకుని వెళ్ళి, శుక్రవారం అందరి ముందూ తెరిచి, ఎర్రగీత వస్తే మాట తప్పయిపోదని టీమ్ లీడర్‌కి చూపించాలని నా ఉద్దేశం.

ఆ మాట అందులో లేదు.

కలిపి రాస్తారేమోనని చూశాను. విడదీసి చూశాను. ఇంగ్లండు వాళ్ళ వెబ్‌సైట్లలో వెతికాను. కనిపించిన చోటల్లా రాసింది మనవాళ్ళే. అది ఇంగ్లీషు మాట కాదని నాకు అంతవరకూ ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మనం తోడు అనే దాన్ని ‘కో’ చేసి, అల్లుడిని ‘బ్రదర్’ చేసి, మనలో మనం రాసుకున్న మాట. టీమ్ లీడర్ చెరపకుండా పంపి ఉన్నా, ఆవిడకి అర్థమయ్యేది కాదు. తమ్ముడో, పాలివాడో అనుకునేది. స్టాఫ్‌రూమ్‌లో ఆ తొమ్మిది మంది నవ్వు నాకు మళ్ళీ వినబడింది.

అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ నన్ను చూస్తోంది. “ఏటైందే? మొకం అలగెట్టీసేవు?”

చెప్పాను.

“మరి ఆల్లు తోడల్లుడ్ని ఏటని పిలుత్తారు?”

“బ్రదర్-ఇన్-లా అంటారు. అదీ అందరూ అనరు.”

“బావమరిదిని?”

“బ్రదర్-ఇన్-లా.”

“మరి మరిదిని?”

“అదే.”

“బావని?”

“అదేనమ్మా.”

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. “మరి ఎవుడి ముందు కూకోవాలో, ఎవుడి ముందు నిల్సోవాలో ఎలగ తెలుత్తాదే ఆల్లకి?”

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు. ఆ విషయం రేపు నేను చెప్తే, మెమోలో ఉన్న ‘పొరపాటు’ అన్న మాట నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. చెప్పకపోతే తప్పంతా టీమ్ లీడర్ మీద పడుతుంది. అతను నిఘంటువు తెరిచే రకం కాదు, ఎవరికీ తెలియదు. మరునాడు బస్సులో నిలబడి వెళ్తూ, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ‘టైపింగ్ మేడమ్’ అన్నవాడికి ఆ మాత్రం పడాలి అనుకున్నాను. ఈ సంగతి ఇక్కడ దాచడం లేదు.

కాల్ మధ్యాహ్నం రెండున్నరకి. కింద కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ మాస్టారు మైకులో అరుస్తున్నాడు, కిటికీలు మూసినా వినబడుతోంది. మేనేజర్ మధ్యలో, టీమ్ లీడర్ ఒకవైపు, నేను ఒకవైపు. తెర మీద ఆవిడ. తెల్లజుట్టు, బూడిదరంగు స్వెట్టర్, చేతిలో పెన్సిలు, ముందు మేము పంపిన చార్టు. అంతా ఇంగ్లీషులోనే జరిగింది.

“వీళ్ళిద్దరూ అన్నదమ్ములని ఎవరు తేల్చారు?” అని ఆవిడ మొట్టమొదట అడిగింది.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. “ఒక చిన్న టైపింగ్ పొరపాటు మేడమ్. బాధ్యులైన వ్యక్తి మీద చర్య...”

“ఏం టైపు చేయబోయి ఇలా అయింది?”

మేనేజర్ టీమ్ లీడర్ వైపు చూశాడు. టీమ్ లీడర్ బల్ల వైపు చూశాడు. ఆవిడ ఎదురుచూస్తోంది. ‘నేను సరిగ్గానే రాశాను, ఇతను చెరిపాడు’ అన్న వాక్యం నా నాలుక మీద ఉంది. ఆ వాక్యం చెప్తే ఆవిడ వెంటనే, ‘ఏం రాశారు?’ అని అడుగుతుంది. అప్పుడు ఆ మాట చెప్పాలి. చెప్తే అర్థం చెప్పాలి. దాన్ని పక్కకి తోసి మాట్లాడటానికి దారి లేదని కుర్చీలో కూర్చున్నాక గానీ నాకు అర్థం కాలేదు.

“కో-బ్రదర్ అని రాశాను. నేనే రాశాను,” అన్నాను. “అది మీ భాషలో మాట కాదని నాకు నిన్ననే తెలిసింది. మా వైపు, అక్కచెల్లెళ్ళని పెళ్ళి చేసుకున్న ఇద్దరు మగవాళ్ళకి ఒక మాట ఉంది. దాన్ని మేము ఇంగ్లీషులో అలా రాసుకుంటాం. తర్వాత దిద్దేటప్పుడు అందులో సగం పోయింది.”

ఆవిడ “కో-బ్రదర్,” అని నెమ్మదిగా పలికింది. నేను ఆవిడ ముఖాన్నే చూస్తున్నాను, నవ్వుతుందేమోనని. నవ్వలేదు.

“అంటే వీళ్ళు అన్నదమ్ములు కారంటున్నారు.”

“కారు. అన్నదమ్ములైతే సగాలు రావు.”

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. “ఆ సగాలు నాకు ముప్ఫై ఏళ్ళుగా నచ్చలేదు. కానీ సగాలు ఒక్కటీ చాలవు. తండ్రి ఇష్టపడి చిన్నకొడుక్కి ఇచ్చి ఉండొచ్చు. ఇంకేముంది మీ దగ్గర?”

మేనేజర్ చెయ్యి మ్యూట్ బటన్ మీదికి వెళ్తోంది. నేను కాగితాలు బల్ల మీద పరిచి, ఆ చేతికి అడ్డంగా పెట్టాను.

ఇద్దరి పత్రాల్లోనూ ‘నా భార్య సమ్మతితో’ అని ఉందని చెప్పాను. అది మామూలే, భర్త పోతే భార్యకి దక్కే మనోవర్తి భూమికి కూడా అలా రాస్తారని ఆవిడ కొట్టేసింది. ఆవిడకి విషయం తెలుసు. అప్పుడు నేను కట్టిన పట్టిక చదివాను. గుర్రంబాబు వేరే చోట్ల ఉన్న భూముల నుంచి ఇచ్చిన దానాలు ఏడు దొరికాయి. వాటిలో ఎక్కడా భార్య ఊసు లేదు. సేపలబాబువి నాలుగు, వాటిలోనూ లేదు. ఈ ఒక్క గ్రామం మాట వచ్చేసరికి ఇద్దరూ ప్రతిసారీ భార్య సమ్మతి రాయించారు. ఒక దానం అంతకుముందు ఆ ఊరిని ఏలిన పెద్దమనిషి ఆత్మశాంతి కోసం. అందులో అల్లుళ్ళిద్దరూ ఆయన్ని ప్రభువు అన్నారు గానీ తండ్రి అనలేదు.

ఆవిడ పత్రాల నంబర్లు ఒక్కొక్కటే అడిగింది. తన దగ్గరున్న ప్రతి తీసి చూసుకుంది. ఒక నంబరు నేను తప్పు చెప్తే ఆపి దిద్దింది. కింద మాస్టారు ఒక పాఠం ముగించి ఇంకోటి మొదలుపెట్టాడు. చివరికి ఆవిడ చార్టు మీద ఏదో గీసి, కెమెరాకి చూపించింది. మధ్యలో ఆ పెద్దమనిషి, ఆయన కింద ఇద్దరు కూతుళ్ళు. అల్లుళ్ళిద్దరూ అంచుల్లో.

“ఇలాగేనా?”

“ఇలాగే,” అన్నాను.

“ఇది మళ్ళీ గీసి పంపండి. పత్రాల పట్టిక కూడా జత చేయండి. ఆ మాటని మీ భాషలో ఏమంటారు?”

“తోడల్లుళ్ళు.”

ఆవిడ పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, “నావల్ల కాదు,” అంది. కాల్ అయిపోయింది. పని వెనక్కి పోలేదు.

తెర ఆరిపోగానే మేనేజర్ సొరుగు లాగి అదే మెమో తీశాడు.

“క్లయింటు ముందు మీరే ఒప్పుకున్నారు కదా మేడమ్, నేనే రాశానని. ఇంకేం పేచీ లేదు. సంతకం పెట్టండి.”

నేను పెన్ను తీసుకున్నాను. ‘టైపింగ్ పొరపాటు’ అన్న మాటలు కొట్టేశాను. పైన తెలుగులో రాశాను: ‘తోడల్లుడు అన్న మాటకి మన ఊరి ఇంగ్లీషు రాయడం నా తప్పు. నన్ను అడగకుండా దానిలో సగం తీసేయడం నా తప్పు కాదు. తీసినవారు కూడా సంతకం చేయాలి.’ కింద నా సంతకం పెట్టి, కాగితాన్ని టీమ్ లీడర్ ముందుకి జరిపాను.

“మెమో మీద ఇలా రాయకూడదు,” అన్నాడు మేనేజర్.

“ఇంకోటి ప్రింటు తీయండి. అందులోనూ ఇదే రాస్తాను.”

టీమ్ లీడర్ కాగితం తీసుకుని చదివాడు. “మీరు కాల్‌లో నా పేరు సెప్పలేదు గదా మేడమ్,” అన్నాడు మెల్లగా.

“చెప్పాలనే వచ్చాను. వీలు పడలేదు.”

“మరిప్పుడు సంతకం అడుగుతన్నారు.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

అతను పెన్ను తీసి, నా సంతకం కింద తన సంతకం చేశాడు. మేనేజర్ వద్దనేలోపే చేశాడు. అతనికి అది మొదటి మెమో. నాకు మూడోది.

కొత్త చార్టు నేనే గీశాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళనీ వాళ్ళ తండ్రి కింద పెట్టి, పెట్టాక మూడుసార్లు సరిచూశాను. ఎదుటి సీటాయన వచ్చి, “సేపలబాబు ఇల్లరికమా మేడమ్? ఆఁ, అదీ మనోడంటే,” అన్నాడు. నివేదిక చివర ‘పరిశోధన: టీమ్’ అని ఉంది. నా పేరు పెట్టమని రాసి ఇచ్చాను. జవాబు రాలేదు.

నెలాఖరుకి నా కాంట్రాక్టు పొడిగించలేదు. మూడు మెమోల వల్లేనా అని అడిగితే, మేనేజర్ అలాంటి నియమమేదీ లేదన్నాడు. అయితే కారణమేమిటో కాగితం మీద ఇవ్వమన్నాను. మెయిల్ పెట్టాను, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, పోయిన సోమవారం స్వయంగా వెళ్ళి, అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని వచ్చాను. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తాను.